డ్యూటీ చార్టు చూస్తే తెలిసిపోతుంది: ఆసుపత్రి ఉద్యోగాల్లో కులం, వైకల్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. వికలాంగుల కోటాలోనే ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యాక నిమ్మళంగా ఉందామనుకుంటే పాత స్నేహితులు, వాళ్ల పిల్లలు, వాళ్లు చెప్పగా ఇంకెవరో ఫోన్ చేస్తూనే ఉంటారు. అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వకీలును కాను. చట్టం పుస్తకం చదివీ, ఆఫీసుల చుట్టూ తిరిగీ నేర్చుకున్నదే ఇదంతా.

‘జాతి సమానత్వం’ అంటుంటారు. మన ఆసుపత్రుల్లో జాతి యాడుందన్నా? ఉండేది కులమే కదా?

ఆ మాట ఎక్కువగా వినబడేది ఇంగ్లండు, అమెరికాల్లో. అక్కడ ఒంటి రంగు, పుట్టిన దేశం చూసి మనిషిని తక్కువ చేస్తారు. అట్లని మన చట్టానికి అది కొత్త మాటేం కాదు. రాజ్యాంగం 15వ అధికరణలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల గురించి చెప్పే 16వ అధికరణలో వీటికి తోడు వంశం, నివాసం కూడా చేర్చారు.

ఇక మన దగ్గర ఎట్లా కనబడుతుందంటే, తండా నుంచి వచ్చిన సుగాలి ఏఎన్ఎం ఫోన్లో వాళ్లమ్మతో తన భాషలో మాట్లాడితే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నల్లమల నుంచి చెంచు పిల్లోడు అటెండరుగా చేరితే పేరు పెట్టి పిలవరు, ‘ఏయ్ చెంచోడా’ అంటారు. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో రిసెప్షన్‌కు ‘కొంచెం తెల్లగా ఉండే అమ్మాయిని చూడండి’ అని నోటితో చెబుతారు, కాగితం మీద రాయరు. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన నర్సును ‘చైనా’ అని పిలవడం నేనే విన్నాను. ఇందులో ఏది జాతి, ఏది కులం అని విడదీసే పని నాకు చేతకాదు. ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం ఏ చట్టం కిందికి వస్తుందో తెలిసి ఉండాలి. ఆ సంగతి కింద చెబుతాను.

రిజర్వేషన్లు ఉన్నాయి, వికలాంగుల కోటా ఉంది. ఇంకేం కావాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. కొందరు తెలుసుకుందామని అడుగుతారు, కొందరు దెప్పడానికి అడుగుతారు.

ముందు లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు 29. ఎస్సీల 15 శాతాన్ని 2025లో మూడు గ్రూపులుగా విడదీసి 1, 6.5, 7.5గా పంచారు. వికలాంగులకు 1995 చట్టంలో 3 శాతం ఉండేది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని 4 చేసింది. అంధులకు ఒకటి, బధిరులకు ఒకటి, కాళ్లు చేతుల వైకల్యం, కుష్ఠు నయమైనవాళ్లు, మరుగుజ్జులు, యాసిడ్ దాడి బాధితులు, కండరాల క్షీణత ఉన్నవాళ్లు అందరికీ కలిపి ఒకటి. ఆటిజం, మానసిక జబ్బు, నేర్చుకోవడంలో ఇబ్బంది, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు కలిపి ఇంకొకటి.

ఇదంతా గేటు దాటేదాకా. లోపలికి వచ్చాక ఏ వార్డు, ఏ షిఫ్టు, ఎవరి పక్కన కుర్చీ అన్నది ఏ జీవోలోనూ ఉండదు. అది డ్యూటీ చార్టులో ఉంటుంది. చార్టు రాసేది ఒక మనిషి. ఆ మనిషికి ఒక కులం ఉంటుంది, ఒక మూడ్ ఉంటుంది, ఇష్టమైనవాళ్లు నలుగురు ఉంటారు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, పేరెందుకులే, శాంపిళ్ల కోసం రోజూ వార్డులన్నీ తిరిగేవాణ్ణి. ఏ వార్డుకు పోయినా ఎవరున్నారో కనబడేది. కొన్ని నెలలకు ఒకటి గమనించాను. టీబీ వార్డు, కాలిన గాయాల వార్డు, పండగ పూట నైట్ డ్యూటీ, ఈ మూడింట్లో తిరిగేది అవే నాలుగు ముఖాలు. ఇద్దరు ఎస్సీ నర్సులు, ఒక సుగాలి అమ్మాయి, వినికిడి తక్కువైన ఒక పెద్దామె. ఆ పెద్దామెకు రాత్రిపూట కాల్ బెల్ వినబడదని అందరికీ తెలుసు. అయినా నైట్ ఆమెకే. సరే అని గోడ మీది క్యాలెండరు వెనక గీతలు గీయడం మొదలుపెట్టాను. ఉగాది నుంచి దసరా దాకా గీశాను. ఇరవై మందికి పైగా ఉన్న నర్సుల్లో ఆ నలుగురి పేర్ల కిందే గీతలన్నీ కుప్పపడ్డాయి.

హెడ్ నర్సుకు చూపించాను. ఆమె చెడ్డ మనిషేం కాదు. ‘అయ్యో, నేను కావాలని చేయలేదయ్యా. వాళ్లు అడగరు కదా, మిగతావాళ్లు వచ్చి మార్చమని అడుగుతారు. అడిగినవాళ్లకు మార్చుకుంటూ పోతే మిగిలింది వాళ్లకు పడింది’ అంది. నిజమే చెప్పింది. అడగగలిగే ధైర్యం ఎవరికుంటుంది? పై ఆఫీసులో బంధువున్నవాళ్లకు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లకు. మరుసటి నెల నుంచి వార్డులు వరుస ప్రకారం తిప్పుతూ చార్టు రాసింది. కొందరు అలిగారు. నాతో రెండు నెలలు మాట్లాడనివాళ్లు కూడా ఉన్నారు.

టీ సంగతి కూడా చెప్పాలి. ల్యాబులో అందరం తలా కొంత వేసుకుని టీ తెప్పించుకునేవాళ్లం. ఊడ్చే ఆమె కూడా వేసేది. అందరికీ స్టీలు గ్లాసులు, ఆమెకు మాత్రం ప్లాస్టిక్ కప్పు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ రాయలేదు. ఎన్నేళ్లు నడిచిందో ఆలోచిస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. నేనూ అక్కడే ఉన్నాను కదా.

సదరంలో, అదే వైకల్యం శాతం తేల్చే వైద్య పరీక్షలో, నాకు 38 శాతమే వచ్చింది. అయితే చట్టంలో నాకేమీ లేనట్టేనా?

కోటాకు 40 శాతం ఉండాలి, అది నిజం. పింఛనుకూ అంతే. కానీ వివక్ష చూపకూడదు, పనికి కావలసిన వెసులుబాటు కల్పించాలి అన్న సెక్షన్లలో 40 అన్న అంకె లేదు. 2016 చట్టం ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ని ఒకచోట, ‘40 శాతం, ఆపైన ఉన్న వ్యక్తి’ని వేరొకచోట నిర్వచించింది. సెక్షన్ 3, సెక్షన్ 20 మొదటి రకం మనిషికి వర్తిస్తాయి. కాబట్టి 38 శాతం ఉన్న ఫార్మసిస్టు ‘గంటలకొద్దీ నిలబడలేను, స్టూలు ఇప్పించండి’ అని అడగొచ్చు. ‘నీకు 40 లేదు పో’ అనే హక్కు సూపరింటెండెంటుకు లేదు.

ఇప్పుడు ఇస్తున్న యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుల్లో 40 లోపు ఉన్నవాళ్లకు తెల్ల రంగు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. తెల్ల కార్డు దండగ అనుకుని చాలామంది తీసుకోరు. తీసుకోండి. వెసులుబాటు అడిగేటప్పుడు అదే మీ చేతిలో ఉండే కాగితం.

ఉద్యోగంలో చేరాక యాక్సిడెంట్ అయింది, కాలు తీసేశారు. తీసేస్తారా సార్?

రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగి అయితే తీసేయకూడదు. సెక్షన్ 20లోని నాలుగో ఉపసెక్షన్ చాలా స్పష్టంగా చెప్పింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టులో చేయలేకపోతే అదే జీతం స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అట్లాంటి పోస్టు ఖాళీ లేకపోతే, అది దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ ఆపకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ప్రమోషన్లలో రిజర్వేషన్ కూడా వికలాంగుల హక్కేనని సుప్రీంకోర్టు 2021లో కేరళ నుంచి వచ్చిన లీసమ్మ జోసెఫ్ కేసులో చెప్పింది.

ఇక్కడ జరిగే మోసం ఏమిటంటే, మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఇంటివాళ్ల చేత ‘స్వచ్ఛందంగా రిటైరవుతాను’ అని రాయించుకుంటారు. మెడికల్ ఇన్వాలిడేషన్, అంటే ఆరోగ్యం బాగాలేక పనికి పనికిరానని రిటైరవడం, అని ఇంకో దారి చెబుతారు, కొడుక్కు ఉద్యోగం వస్తుందని ఆశ పెడతారు. అది మీకు నచ్చిన దారి అయితే సరే. సెక్షన్ 20 గురించి తెలిశాక, ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఆలోచించాక మాత్రమే సంతకం పెట్టండి.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ల సంగతి వేరు. అసలు కష్టం వాళ్లదే. ఏజెన్సీ ఒక నెల ఫోన్ ఎత్తదు, ఇంకో నెల పేరు లిస్టులో ఉండదు. వాళ్లు కూడా వివక్ష మీద ఫిర్యాదు చేయొచ్చు. కానీ రెగ్యులర్ ఉద్యోగికి దొరికినంత సులువుగా పోస్టు దొరుకుతుందని నేను చెప్పలేను.

‘వెసులుబాటు’ అంటే ఏమడగాలి? ఎక్కువడిగితే కోపమొస్తుందేమో.

చట్టంలో దీనికి ఒక కొలత ఉంది. సంస్థ మీద మోయలేని భారం పడకుండా చేయగలిగిన మార్పు. ఆ భారం అనే మాట వినగానే మనవాళ్లు భయపడతారు కానీ ఆసుపత్రుల్లో నేను చూసిన మార్పుల్లో సగానికి పైగా రూపాయి ఖర్చు లేనివే.

నా సంగతే చెబుతాను. ల్యాబులో మైక్రోస్కోపు బల్ల ఎత్తుగా ఉండేది. నిలబడి చూడాలి. మధ్యాహ్నానికి ఎడమ నడుము పట్టేసేది. పన్నెండేళ్లు అట్లాగే చేశాను, అడగాలని తోచనే లేదు. ఒకరోజు కొత్తగా వచ్చిన పెథాలజీ మేడమ్ చూసి, ‘ఆ బల్ల కాళ్లు కోయించకూడదా?’ అంది. వడ్రంగి వచ్చి అరగంటలో కోసి పోయాడు. పన్నెండేళ్ల నడుము నొప్పి అరగంట పని.

ఇంకొన్ని ఉదాహరణలు. వినికిడి తక్కువైన నర్సుకు ఫోన్ కాల్ బదులు వాట్సాప్ మెసేజ్. పెదవులు కనబడే పారదర్శకమైన మాస్కు. శబ్దం పెంచే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు. మూర్ఛ ఉన్నవాళ్లకు, మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లకు నైట్ డ్యూటీ మినహాయింపు, ఎందుకంటే నిద్ర చెడితే ఆ రెండూ ముదురుతాయి. క్రచ్చెస్‌తో నడిచే గుమాస్తాకు పై అంతస్తు రికార్డు రూం బదులు కింద ఓపీ కౌంటరు. చూపు తగ్గినవాళ్లకు కంప్యూటరులో అక్షరాలు పెద్దవిగా పెట్టడం.

కడుపుతో ఉన్న నర్సుకు నైట్ డ్యూటీ తగ్గించమంటే ఎవరూ కోప్పడరు కదా. ఇదీ అంతే. కాకపోతే నోటితో అడగొద్దు. అర పేజీ అర్జీ రాయండి. మీ పని ఏమిటి, అందులో ఏది కష్టంగా ఉంది, ఏం మారిస్తే చేయగలరు, అంతే. జాలి మాటలు వద్దు. ‘దయచేసి నా దీనస్థితిని గుర్తించి’ అని మొదలుపెట్టిన అర్జీలు నేను చాలా చూశాను. అవి దయ ఉన్న ఆఫీసరు దగ్గరే పనిచేస్తాయి.

ర్యాంపు, లిఫ్టు లేని పాత బిల్డింగు. పాతదంటే చట్టం వర్తించదంటున్నారు.

వర్తిస్తుంది. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నాటిది, అనంతపురం కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో వచ్చాయి. కట్టింది ఎప్పుడైనా ఒకటే. 2016 చట్టం కింద రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను అయిదేళ్లలో సరిచేయాలన్నారు. ఆ గడువు 2022లోనే అయిపోయింది. పైగా ప్రమాణాలు సలహాల్లాగా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాల్సిందేనని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

ఒక్క మాట. ర్యాంపు రోగుల కోసమే అనుకుని కడతారు. స్ట్రెచర్ పోయే దారిలో ఉంటుంది, స్టాఫ్ టాయిలెట్ దగ్గర ఉండదు, డ్యూటీ రూం దగ్గర ఉండదు. ఆసుపత్రిలో వికలాంగుడంటే రోగి అనే లెక్క. ఉద్యోగి కూడా కావచ్చని ఇంజనీరుకు తట్టదు.

చేయి సరిగా లేనివాళ్లు డాక్టరెట్లా అవుతారు? చెవిటివాళ్లు నర్సెట్లా అవుతారు? రోగి ప్రాణం కదా.

రోగి ప్రాణం పేరుతో అడిగే ప్రశ్న కాబట్టి కొట్టిపారేయలేం. కానీ దీనికి జవాబు మనిషిని చూసి చెప్పాలి, శాతం చూసి కాదు. సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో, మాటకు సంబంధించిన వైకల్యం 40 శాతం దాటినంత మాత్రాన ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదు, ఆ విద్యార్థి చదువు సాగించగలడా లేదా అన్నది బోర్డు పరీక్షించి చెప్పాలి అంది. 2025 ఫిబ్రవరిలో అన్మోల్ కేసులో ‘రెండు చేతులూ పూర్తిగా బాగుండాలి’ అన్న పాత నిబంధననే తప్పుపట్టింది.

నర్సింగ్‌లో ఇంకా పాత గీత ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వికలాంగుల సీట్లు నడుము కింది భాగంలో 40 నుంచి 50 శాతం వైకల్యం ఉన్నవాళ్లకే. అంటే నా లాంటి పోలియో కాలు పరవాలేదు, వినికిడి తక్కువైన పిల్లకు కోటా సీటు లేదు. నర్సు పని అంటే పరుగెత్తడం ఒక్కటేనా? డయాలసిస్ యూనిట్, టీకాల విభాగం, ఇన్ఫెక్షన్ కంట్రోల్, టెలిమెడిసిన్, నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పడం, ఎన్ని లేవు! ఈ గీత కూడా కోర్టు మెట్లెక్కక తప్పదని నా అనుమానం.

వార్డులో అందరి ముందూ కులం పేరు పెట్టి తిట్టాడు. ఏం చేయాలి?

ముందు ఆ రోజే రాసుకోండి. తేదీ, సమయం, ఏ వార్డు, అన్న మాట యథాతథంగా, ఎవరెవరు విన్నారు. మంచంలో ఉన్న రోగి బంధువు కూడా సాక్షే. వాళ్లు రెండు రోజుల్లో డిశ్చార్జి అయి ఊరికి పోతారు, కాబట్టి ఫోన్ నంబరు అడిగి పెట్టుకోండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ప్రకారం, ఆ వర్గాలకు చెందని వ్యక్తి పదిమందికి కనబడే చోట కులం పేరుతో దూషిస్తే నేరం. ‘పదిమందికి కనబడే చోట’ అన్నది ముఖ్యం. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేని గదిలో అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో, మళ్లీ 2025లో చెప్పింది. జనరల్ వార్డు, ఓపీ వరండా, క్యాంటీన్ సరిపోతాయి. సూపరింటెండెంటు గదిలో తలుపు వేసి అంటే కష్టం. తెలివైనవాళ్లు గదిలోకి పిలిచే తిడతారు. అప్పుడు క్రిమినల్ కేసు నిలబడకపోయినా, ఉద్యోగుల ప్రవర్తన నియమావళి, 1964 కింద శాఖాపరమైన ఫిర్యాదు ఇవ్వొచ్చు.

పోలీస్ స్టేషన్‌లో తీసుకోకపోతే, విధి నిర్లక్ష్యం చేసిన అధికారి మీదా అదే చట్టంలో సెక్షన్ 4 ఉంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, చార్జిషీటుకు 60 రోజుల గడువు. 14566 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించొచ్చు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. అందరూ డీవీఎంసీ అంటారు. మీ కేసు దాని ఎజెండాలోకి వచ్చేట్టు ఒక కాగితం అక్కడా ఇవ్వండి.

బీసీ ఉద్యోగిని కులం పేరుతో తిడితే ఈ చట్టం రాదు. ఎస్సీలో ఒక కులంవాళ్లు ఇంకో కులంవాళ్లను తిట్టినా రాదు. అట్లాంటివీ జరుగుతాయి, దాచుకునేదేముంది.

కుంటోడా, చెవిటిదానా అని పిలుస్తారు. దానికి చట్టం లేదా?

ఉంది. 2016 చట్టం సెక్షన్ 92. పదిమంది ముందు వికలాంగుణ్ణి అవమానించాలనే ఉద్దేశంతో తిట్టినా, బెదిరించినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. నా సర్వీసులో నన్ను ‘కుంటి సారు’ అన్నవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో ప్రేమగా అన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల మీద కేసు పెట్టాలని ఎప్పుడూ అనిపించలేదు. కానీ నా కింద పనిచేసిన ఒక అమ్మాయిని పేషెంట్ల ముందు నడక అనుకరిస్తూ ఏడిపించినవాడి మీద అనిపించింది. ఆ అమ్మాయి వద్దంది. ఉద్దేశం ఏమిటో ఆ చోట ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా?

శాఖ బోర్డు మీద ‘విభిన్న ప్రతిభావంతులు’ అని ఉంటుంది. ఢిల్లీ నుంచి ‘దివ్యాంగులు’ వచ్చింది. నా కాలులో దివ్యత్వం ఏమీ లేదు. వికలాంగుడు అన్నా నాకు అభ్యంతరం లేదు, జీతం బిల్లు టైముకు పెడితే చాలు. మీ ఎదురుగా ఉన్న మనిషికి ఏది నచ్చితే అది అనండి.

బీపీ, డిప్రెషన్, వినికిడి తగ్గడం లాంటివి ఆఫీసులో చెప్పాలా? చెబితే అలుసైపోతాం కదా.

టెన్షన్ పడటంలో తప్పులేదు. చెప్పకపోతే వెసులుబాటు రాదు, చెబితే గుసగుసలు వస్తాయి. నా సలహా: జబ్బు పేరు అందరికీ చెప్పాల్సిన పనిలేదు. అర్జీ రాసి సీల్డు కవరులో సూపరింటెండెంటుకో, ప్రభుత్వ సంస్థల్లో ఉండాల్సిన ఫిర్యాదుల పరిష్కార అధికారికో ఇవ్వండి. సెక్షన్ 23 ప్రకారం ఆ అధికారి రిజిస్టరు నిర్వహించాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. తేలకపోతే జిల్లా కమిటీకి పోవచ్చు. అట్లాంటి అధికారి ఉన్నాడన్న సంగతే చాలా ఆసుపత్రుల్లో ఎవరికీ తెలియదు. ‘మన దగ్గర ఆ అధికారి ఎవరు?’ అని ఒక ఆర్టీఐ వేయండి. జవాబు కోసమైనా ఎవరినో ఒకరిని నియమిస్తారు.

ప్రైవేటు ఆసుపత్రికి ఇవన్నీ వర్తిస్తాయా?

కోటా, సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలకే. మిగతావాటిలో కొన్ని వర్తిస్తాయి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే అందులో ఏ పోస్టులు వికలాంగులకు తగినవి, ఏ సౌకర్యాలు ఇస్తారు అన్నవి ఉండాలి, ఒక లైజన్ అధికారిని కూడా పెట్టాలి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి అయిదు లక్షల దాకా జరిమానా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టానికి ప్రభుత్వం, ప్రైవేటు తేడా లేదు.

దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొట్టినవాళ్లున్నారు. వాళ్ల సంగతేమిటి?

ఉన్నారు. మోసం చేసి ప్రయోజనం పొందితే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ, సెక్షన్ 91. వాళ్లవల్ల ఎక్కువ నష్టపోయేది నిజమైన వికలాంగులే. కానీ ఈ మాట ఎత్తేవాళ్లు నన్ను కూడా పైనుంచి కిందిదాకా ఒకసారి చూస్తారు. అది బాగుండదు.

ఊడ్చేవాళ్లు, వార్డుల్లో సాయం చేసే ఎంఎన్ఓలు (మగ ఆర్డర్లీలు), ఎఫ్ఎన్ఓల (ఆడ ఆర్డర్లీలు) గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

మాట్లాడాల్సిందే. ఆసుపత్రిలో కులం అన్నిటికంటే గట్టిగా కనబడేది అక్కడే. పని ఏజెన్సీ చేతిలోకి పోయాక రోస్టరూ లేదు, సీనియారిటీ లేదు. ఎక్కువమంది ఎస్సీ ఆడవాళ్లు. వాళ్ల అమ్మలు అదే పని చేశారు, వాళ్ల అత్తలు అదే పని చేశారు.

మీరు డాక్టరో నర్సో అయితే ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. శిక్షణ చేరేటప్పుడు ఇవ్వాలి, ఏటా ఇవ్వాలి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో ఏది దేనికో ఎంబీబీఎస్ పిల్లలకు పాఠం చెబుతాం. సూది గుచ్చుకునేది డబ్బా ఎత్తే మనిషికి. మీ వార్డులో ఊడ్చే ఆమెను అడిగి చూడండి, ‘అమ్మా, హెపటైటిస్ టీకా ఎన్ని డోసులు పడ్డాయి?’ అని. నేను అడిగినప్పుడు మా దగ్గర ఊడ్చే ఆమె, ‘మాకు కూడా వేస్తారా సారూ, అవి నర్సమ్మలకు కదా’ అంది. ల్యాబులో వ్యాక్సిన్ ఫ్రిజ్ మా గదిలోనే ఉండేది. ఆమె రోజూ దాన్ని తుడిచేది.

మా అమ్మాయి నర్సుగా ఇంగ్లండు పోతోంది. అక్కడ ఎట్లా ఉంటుంది?

అక్కడా వివక్ష ఉంది, లేదని ఎవరూ అనరు. కానీ అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లో ఒక పని నాకు నచ్చింది: లెక్క వేస్తారు. 2015 నుంచి జాతి విషయంలో డబ్ల్యూఆర్ఈఎస్ అని తొమ్మిది సూచికలు, 2019 నుంచి వైకల్యం విషయంలో డబ్ల్యూడీఈఎస్ అని పది కొలతలు. ఇంటర్వ్యూకు ఎంపికైనవాళ్లలో తెల్లవాళ్లకు ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఇతరులకు ఎంతమందికి? క్రమశిక్షణ చర్యల్లో ఎవరు ఎక్కువ ఇరుక్కుంటున్నారు? ఒంట్లో బాగాలేకపోయినా డ్యూటీకి రమ్మని వికలాంగ ఉద్యోగుల మీద ఒత్తిడి ఎంత? ప్రతి సంస్థా ఏటా అంకెలు బయటపెట్టాలి. నేను క్యాలెండరు వెనక గీసిన గీతలే ఇవి, కాకపోతే వాళ్లు దాన్ని దేశమంతా చేశారు.

అమ్మాయికి రెండు సంగతులు చెప్పండి. అక్కడ 2010 సమానత్వ చట్టంలో జాతి అంటే రంగు, జాతీయత, పుట్టుక అన్నీ కలిపే. ఉద్యోగం ఇస్తామని చెప్పకముందే ఆరోగ్యం గురించి అడగడం సాధారణంగా కుదరదు. ఇంకొకటి, మనవాళ్లు విమానంలో కులాన్ని కూడా తీసుకుపోతారు. అక్కడి మన సంఘం వాళ్లు ‘మీ ఇంటిపేరేంటమ్మా?’ అని అడిగితే ఎందుకడుగుతున్నారో ఆమెకు తెలిసి ఉండాలి.

ఫిర్యాదు తెలుగులో రాస్తే తీసుకుంటారా? ఎక్కడివ్వాలి?

తెలుగులోనే రాయండి, మీకు వచ్చిన మాటల్లో. ముందు సూపరింటెండెంటుకు లేదా డీఎంహెచ్ఓకు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి). జోన్ స్థాయి పోస్టయితే మీ జోన్ రీజనల్ డైరెక్టరు ఆఫీసుకు ఒక కాపీ. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్‌కు, అంటే ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమానికి, పోయి అర్జీ నమోదు చేయించి నంబరు తీసుకోండి. వైకల్యం విషయమైతే విభిన్న ప్రతిభావంతుల శాఖ జిల్లా ఆఫీసుకు, ఆపైన రాష్ట్ర కమిషనరుకు రాయొచ్చు. ప్రతి కాగితానికీ జిరాక్సు తీసి, దాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. ఆఫీసు ఫైలు పోయినా మీ దగ్గర ఉన్న కాగితం పోదు. నా మొదటి అర్జీ మూడుసార్లు ‘కనబడలేదు’, మూడుసార్లూ జిరాక్సు నుంచే మళ్లీ మొదలుపెట్టాను.